గూగుల్ వన్ 100 జీబీ ప్లాన్: ఏడాది కట్టాను, నాన్న ఫోన్ పాడయ్యాక గానీ వాడటం రాలేదు

గూగుల్ వన్ అంటే ఫోన్లో ఉన్నవాటికి గూగుల్ దగ్గర ఇంకో కాపీ (బ్యాకప్) దాచుకోవడానికి డబ్బులు కట్టి తీసుకునే ఎక్కువ చోటు. ముందే చెప్పేస్తా, నేనిచ్చేది ఐదుకి మూడున్నర స్టార్లు. తగ్గిన ఒకటిన్నరలో ఒక స్టారు నిజానికి నాకు తగ్గించాల్సింది, ఎందుకంటే డబ్బులు కట్టి ప్లాన్ తీసుకున్నా గానీ దాన్ని సరిగ్గా పెట్టలేదు, పెట్టేశా అనుకుని ఏడాది పాటు నిశ్చింతగా నిద్రపోయా.

మాది తెనాలి పక్కన పల్లె. నేను హైదరాబాద్‌లో ఉంటా, నాన్న ఊళ్లో పసుపు వేస్తాడు, దుగ్గిరాల యార్డులో అమ్ముతాడు. ఆయనకి ఫోన్ అంటే మాట్లాడటం, యూట్యూబ్, వాట్సాప్, అంతే. కానీ ఆ వాట్సాప్‌లోనే ఆయన లెక్కలన్నీ ఉంటాయి. సరుకు కాటా అయ్యాక కమీషన్ వ్యాపారి పట్టీ ఫొటో తీసి పంపుతాడు, ఎన్ని బస్తాలు, ఎంత తూకం, తరుగు ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, ముందు తీసుకున్న అడ్వాన్సు పోను చేతికి ఎంత, అంతా ఆ ఒక్క ఫొటోలో. ఎరువుల షాపు బిల్లులూ అంతే, కౌలు డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్లూ అంతే. ఇదివరకు ఇవన్నీ ఇనప్పెట్టెలో రబ్బరు బ్యాండు వేసి ఉండేవి, ఇప్పుడు అన్నీ ఫోన్‌లోకి వెళ్లిపోయాయి, ఇనప్పెట్టెలో అమ్మ పాత చీరలు పెట్టుకుంది.

సరే ప్లాన్ సంగతి. గూగుల్ అకౌంట్‌తో 15 జీబీ ఫ్రీగా వస్తది, అది తెలిసిందే, కానీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ ఆ ఒక్క గదిలోనే కాపురం చెయ్యాలి. 2021 జూన్ 1కి ముందు హై క్వాలిటీలో ఎక్కించిన ఫొటోలు లెక్కలోకి రావు, ఆ తర్వాత ఎక్కించినవన్నీ లెక్కలోకి వస్తాయి. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా వచ్చి ఇదే గదిలో దిగింది, అంతకుముందు అది లెక్కలోకి వచ్చేది కాదు. దాంతో చాలామందికి ఒక్కసారిగా స్టోరేజ్ ఫుల్ అని వార్నింగులు. ఫుల్ అయితే ఫొటోలు ఎక్కవు అంతేగా అనుకుంటారు, కాదు, జీమెయిల్‌కి మెయిల్స్ రావడం కూడా ఆగిపోద్ది. మెయిల్‌కి ఓటీపీ వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

100 జీబీ నెలకి 130 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 1300, అంటే రెండు నెలల డబ్బులు మిగిలినట్టే. నాకు బాగా నచ్చింది ఏంటంటే నేను కాక ఇంట్లో ఇంకో ఐదుగురికి పంచొచ్చు. ఎవరి 15 జీబీ వాళ్లకి ఎప్పట్లాగే ఉంటది, అది నిండాక ఈ వందలోంచి వాడుకుంటారు. ఒకళ్ల ఫొటోలు ఇంకొకళ్లకి కనపడవు, పొలం ఉమ్మడి గానీ ఎవరి గట్టు వాళ్లదే అన్నట్టు. నేను, నాన్న, అమ్మ, అక్క, బావ, ఐదుగురం కలిసి ఇప్పటికి 60 జీబీ కూడా దాటలేదు. ఐదుగురికి 1300 అంటే మనిషికి నెలకి పాతిక కూడా పడలేదు, ఆ లెక్కన ఎవరికైనా కళ్లు మూసుకుని చెప్తా తీసుకోమని.

ఇప్పుడు నాన్న ఫోన్ కథ. కంపెనీ పేరు రాయను, మూడేళ్ల కిందటి అమోలెడ్ డిస్‌ప్లే ఫోన్. ఒక రోజు రాత్రి అప్‌డేట్ వచ్చిందని చూపిస్తే ఇన్‌స్టాల్ నొక్కి, ఛార్జింగ్ పెట్టి, పైన దుప్పటి కప్పి పడుకున్నాడు (దుప్పటి ఎందుకు అంటే లైటు కళ్లలో పడుతుందంట). పొద్దున్నే చూస్తే తెర మధ్యలో పైనుంచి కిందకి ఒక ఆకుపచ్చ గీత. వారంలో ఇంకో గీత. పండక్కి నేను వెళ్లేసరికి ఎడమ సగం మొత్తం తెల్లగా పాలిపోయి, అటువైపు టచ్ కూడా పనిచెయ్యట్లా. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే వారంటీ లేదు, డిస్‌ప్లే మార్చాలి, తొమ్మిది వేల పైన అవుద్ది, డేటా పోతే మాకు సంబంధం లేదని ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. ఆయన అలా సంతకం పెట్టకుండా రావడం నేను చూసింది అదొక్కసారే.

నేనేమో ధీమాగా ఉన్నా. "నాన్నా ఏం కాదు, అన్నీ బ్యాకప్‌లో ఉన్నాయి, కొత్త ఫోన్ కొని మీ అకౌంట్ పెడితే అన్నీ వచ్చేస్తాయి" అన్నా. బస్టాండ్ ఎదురు షాపులో కొత్తది తీసుకున్నాం, అకౌంట్ పెట్టాం. కాంటాక్టులు వచ్చాయి. ఫొటోలు మాత్రం ఏడు నెలల కిందట మా అక్క కొడుకు పుట్టినరోజు దగ్గర ఆగిపోయాయి. వాట్సాప్ బ్యాకప్ తేదీ చూస్తే అది కూడా సరిగ్గా ఆ వారమే. పట్టీ ఫొటోలు ఒక్కటంటే ఒక్కటి లేదు. నాన్న ఏమీ అనలేదు, "ఈ ఏడాది పట్టీలు ఉన్నాయా" అని మాత్రం అడిగాడు, ఎందుకంటే అప్పటికే ఒక బస్తా దగ్గర వ్యాపారికీ ఆయనకీ లెక్క తేడా నడుస్తా ఉంది.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు ఓ గంట పట్టింది. బ్యాకప్ ఆన్‌లోనే ఉంది, తప్పు నాదే. ఇక్కడ రెండు విషయాలు ఉన్నాయి, మీ అమ్మానాన్నల ఫోన్ పక్కన పెట్టుకుని ఇది చదవండి.

మొదటిది, గూగుల్ ఫొటోస్ గానీ వాట్సాప్ గానీ మామూలుగా వైఫై ఉంటేనే పెద్ద బ్యాకప్ పంపుతాయి. మన పల్లెలో ఇంట్లో వైఫై ఎక్కడిది, నాన్న ఎప్పుడూ సిమ్ డేటానే. నేను పండక్కీ పుట్టినరోజుకీ వెళ్లినప్పుడు నా హాట్‌స్పాట్ ఇస్తే అప్పుడు ఎక్కేవి, నేను బస్సెక్కగానే ఆగిపోయేవి. ఫొటోస్‌లో బ్యాకప్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే మొబైల్ డేటా వాడకం అని ఉంటది, రోజుకి ఇంత అని లిమిట్ పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో కూడా చాట్ బ్యాకప్ కింద సెల్యులార్ డేటాతో బ్యాకప్ అని బటన్ ఉంటది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకుని రాత్రి పదింటికి జీబీ మిగిలిపోయి పడుకునే మనిషికి ఈ రెండూ ఆన్ చెయ్యకపోవడం నా బద్ధకం.

రెండోది ఇంకా పెద్దది. ఫొటోస్ తనంతట తను ఎక్కించేది కెమెరా ఫోల్డర్ మాత్రమే. వాట్సాప్ ఇమేజెస్, స్క్రీన్‌షాట్స్, డౌన్‌లోడ్స్ ఇవన్నీ వేరే ఫోల్డర్లు, డివైస్ ఫోల్డర్స్ అనే చోటికి వెళ్లి ఒక్కొక్కటీ మనమే ఆన్ చెయ్యాలి. నాన్న కెమెరాతో తీసేవి ఏంటి, మనవడు, గేదె, మోటరు మీటరు రీడింగ్. ఆయనకి అసలు కావాల్సినవన్నీ వాట్సాప్ ఫోల్డర్లో ఉన్నాయి. ఇది తెలిస్తే రెండు నిమిషాల పని, తెలియకపోతే ఏడాది డబ్బులు కట్టినా పట్టీలు గాల్లోనే. స్టారు తగ్గించింది ఇక్కడే, డబ్బులు కట్టించుకునే ముందు మొదటి రోజే నీకు ఏ ఫోల్డర్లు కావాలి అని పెద్ద అక్షరాలతో అడిగితే సొమ్మేం పోయింది.

మరి పట్టీలు ఎలా వచ్చాయి అంటే, ఎలక దయ. పాత కంప్యూటర్ మౌస్ ఒకటి అటక మీద ఉంది, షాపులో వంద రూపాయలకి ఓటీజీ పిన్ను కొని ఆ మౌస్‌ని సచ్చిన ఫోన్‌కి తగిలించా. తెర మీద చిన్న బాణం గుర్తు వచ్చింది. నాన్న కళ్లజోడు సర్దుకుని "ఇదేందిరా ఎలక ఫోన్లోకి ఎక్కింది" అన్నాడు. ప్యాటర్న్ లాక్‌లో ఎడమ వైపు చుక్కలు కనపడట్లా, కుడి వైపు మాత్రమే కనపడతన్నాయి, అయినా చుక్కలు ఎంత దూరంలో ఉంటాయో అంచనా వేసుకుని బాణాన్ని గుడ్డిగా లాగా. మూడోసారికి తెరుచుకుంది. తర్వాత ఏదైనా బటన్ తెల్ల సగంలోకి పోతే ఫోన్ అడ్డంగా తిప్పేవాణ్ణి, తెర తిరిగి ఆ బటన్ కనపడే వైపుకి వచ్చేది.

అక్కడినుంచి పని తేలికే. వాట్సాప్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ అని ఉంటది, 2023లో వచ్చింది, క్లౌడ్‌తో, అంటే గూగుల్ దగ్గర దాచే చోటుతో, పని లేకుండా పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి నేరుగా పంపుద్ది, ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి. పాత దాంట్లో సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్, స్టార్ట్ నొక్కి ఉంచాలి, కొత్త దాంట్లో అదే నంబర్ వెరిఫై చేస్తే క్యూఆర్ కోడ్ వస్తది, పాత ఫోన్ కెమెరాతో దాన్ని స్కాన్ చెయ్యాలి. రెండిట్లో వైఫై, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, రెండూ పక్కపక్కనే పెట్టాలి. ఫోన్ వేడెక్కుద్దేమో అని నాన్న మంచం మీద కూర్చుని విసనకర్రతో విసిరాడు, నేను వద్దన్నా వినలా. గంట దాటాక మొత్తం వచ్చింది, పట్టీలు, వాయిస్ మెసేజులు, ఫార్వార్డులు అన్నీ. ఆ బస్తా తేడా ఎవరిదో కూడా తేలింది, నాన్నదే, కాటా రోజు ఒక బస్తా తేమ ఉందని పక్కన పెట్టించింది ఆయనే, మర్చిపోయాడు. వ్యాపారికి ఫోన్ చేసి "సర్లేవయ్యా, నీదే కరెక్టు" అన్నాడు చాలా మెల్లగా.

ఈ పని తెర మొత్తం పోయాక చెయ్యలేం. గీత ఒకటి కనపడిన రోజే చేసెయ్యాలి, నాన్నేమో "గీతేగా, మాటలు వినపడతన్నాయిగా" అని నెల రోజులు వాడాడు.

తర్వాత నేను కూర్చుని అన్నీ మళ్లీ పెట్టా. వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డర్ బ్యాకప్ ఆన్ చేశా. చేసిన పావుగంటకే నాలుక కరుచుకున్నా, ఎందుకంటే ఆ ఫోల్డర్లో పట్టీలు ఓ వంద ఉంటే గుడ్ మార్నింగ్ పువ్వులు, శనివారం వెంకటేశ్వరస్వామి, పార్టీల వీడియోలు వేలల్లో ఉన్నాయి, అన్నీ వరుసగా ఎక్కడం మొదలెట్టాయి. దీనికి ఒక కిటుకు దొరికింది, నాకైతే ఈ మొత్తంలో బాగా పనికొచ్చింది ఇదే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ కింద మీడియా విజిబిలిటీ అని ఉంటది, అది ఆఫ్ చేస్తే ఆ తర్వాత వచ్చే ఫొటోలు గ్యాలరీలో కనపడవు, ఫొటోస్ యాప్ కూడా వాటిని ఎక్కించదు. ఇప్పుడు వ్యాపారి చాట్ తెరిచి, పైన ఆయన పేరు మీద నొక్కి, ఆ ఒక్క చాట్‌కి మాత్రం మీడియా విజిబిలిటీ ఎస్ అని పెట్టాలి. ఎరువుల షాపాయనకీ అంతే, నాకూ అక్కకీ అంతే. ఇంక పట్టీలు క్లౌడ్‌కి పోతాయి, పువ్వులు వాట్సాప్‌లోనే వాడిపోతాయి. ఇదివరకే వచ్చినవాటికి ఇది పనిచెయ్యదు, కొత్తగా వచ్చేవాటికే.

పాత చెత్త తియ్యడానికి స్టోరేజ్ అండ్ డేటాలో మేనేజ్ స్టోరేజ్ ఉంది, 5 ఎంబీ దాటినవి వేరుగా, చాలాసార్లు ఫార్వార్డ్ అయినవి వేరుగా చూపిస్తది. నాన్న ఫోన్లో అక్కడే పది జీబీ దొరికింది. ఒకే పెళ్లి భోజనాల వీడియో నాలుగు గ్రూపుల్లోంచి వచ్చి ఉంది.

డిలీట్ దగ్గర అమ్మ ఒక పని చేసింది, అది కూడా చెప్తా. ఫోన్ నిండిందని ఫొటోస్ యాప్‌లోకి వెళ్లి "క్లౌడ్‌లో ఉన్నాయిగా" అని రెండొందల ఫొటోలు డిలీట్ కొట్టింది. ఫొటోస్‌లో డిలీట్ అంటే ఫోన్లోంచీ క్లౌడ్‌లోంచీ రెండు చోట్లా పోతాయి. ఫోన్లోవి మాత్రమే పోవాలంటే ఫ్రీ అప్ స్పేస్ అనే బటన్ వేరే ఉంటది, అది ఎక్కినవాటినే తీసేస్తది. అదృష్టం, బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, వెనక్కి తెచ్చా. బ్యాకప్ కానివైతే 30 రోజులే.

క్వాలిటీ విషయానికొస్తే స్టోరేజ్ సేవర్ పెట్టుకోండి చాలు, ఫొటో 16 మెగాపిక్సెల్ దాటితే తగ్గిస్తది, వీడియోని 1080పికి దించుద్ది, పట్టీ మీద అంకెలు చక్కగా కనపడతాయి. బావ మాత్రం ఒరిజినల్ పెట్టుకున్నాడు, ఆయన పొద్దున్నే లేచి పొలం గట్టు మీద 4కేలో సూర్యోదయాలు తీస్తాడు, మా 60 జీబీలో సగం ఆ సూర్యుడిదే.

వాట్సాప్ బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా ఉంది, అంటే మనం తప్ప ఇంకెవరూ తెరవకుండా తాళం లాంటిది, పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెల కీ ఇస్తది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే ఇంక ఎవరూ తెరవలేరు, అది తెలుసుకునే పెట్టండి. నాన్నకి పెట్టి గోడ మీద క్యాలెండర్ వెనక పెన్నుతో రాశా, జనవరిలో క్యాలెండర్ మార్చేటప్పుడు ఏం చేస్తారో చూడాలి.

బ్యాకప్‌తో రానివి కూడా ఉన్నాయి. యూపీఐ యాప్ కొత్త ఫోన్లోకి వస్తది గానీ బ్యాంకు మళ్లీ కలపాలి, దానికి ఆ సిమ్ కొత్త ఫోన్లో ఉండాలి, ఆ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పోవాలి. సిమ్‌లో రీచార్జ్ అయిపోయి ఎస్సెమ్మెస్ పోక, యాప్ పనిచెయ్యట్లేదని షాపులో గోల చేసేవాళ్లని ఆ రోజే ఇద్దర్ని చూశా. ఇంకొకటి, ఫోన్ సెట్టింగ్స్, కాల్ లిస్టు, ఎస్సెమ్మెస్‌లు గూగుల్‌కి పోయే డివైస్ బ్యాకప్ ఉంది చూడండి, ఆ ఫోన్ 57 రోజులు వాడకపోతే ఆ బ్యాకప్‌ని తీసేస్తారు. పాడైన ఫోన్ బీరువాలో పడేసి వచ్చే సంక్రాంతికి కొత్తది కొందాంలే అనుకుంటే ఏమీ మిగలదు. ఫొటోలు వేరు, అవి ఉంటాయి.

అందుకే గూగుల్ వన్ ఒక్కదాని మీదే ఉండట్లా ఇప్పుడు. వెయ్యిలోపు టైప్ సి పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నా, 128 జీబీది, నేరుగా ఫోన్‌కే గుచ్చొచ్చు. ఉగాదికీ దసరాకీ వెళ్లినప్పుడు వాట్సాప్ ఇమేజెస్, కెమెరా రెండు ఫోల్డర్లు దాంట్లోకి కాపీ చేస్తా, తీసి అమ్మ చీరల ఇనప్పెట్టెలో పెడతా. మళ్లీ అక్కడికే చేరాయి.

అప్‌డేట్ల గురించి కూడా జనం నన్ను అడుగుతున్నారు, మానెయ్యమంటావా అని. మానెయ్యొద్దు. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపేసి అదే ఫోన్లో యూపీఐ వాడటం తలుపు తీసి పడుకోవడమే. కానీ పెద్ద ఆండ్రాయిడ్ వెర్షన్ మారే అప్‌డేట్ వచ్చిన రోజే ఎగబడక్కర్లా, రెండు వారాలు ఆగి, మీ మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో చూసి, బ్యాకప్ తేదీ ఈ రోజుదేనా కాదా చూసుకుని అప్పుడు నొక్కండి, బ్యాటరీ సగం పైన ఉండాలి, దుప్పటి కప్పకూడదు. కొనేటప్పుడు కూడా అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో అడగండి. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామన్నారు, తక్కువ రేటు ఫోన్లలో చాలావాటికి అంత ఉండదు, మెగాపిక్సెల్స్ చూపించే షాపులో ఈ మాట ఎవరూ ఎత్తరు.

ఈ నెల ప్లాన్ రెన్యువల్ వచ్చింది, మళ్లీ 1300 కట్టా. నాన్న ఇప్పుడు యార్డు నుంచి రాగానే ఫొటోస్ తెరిచి పట్టీ ఫొటో మీద మబ్బు గుర్తు వచ్చిందా లేదా చూస్తాడు, రాకపోతే హైదరాబాద్‌కి ఫోన్, "ఎక్కలేదురా" అని, నేను ఆఫీసులో ఉన్నా సరే.

పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తే ఆరొందలు ఇస్తామన్నాడు షాపాయన. ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేముందు అందులో గూగుల్ అకౌంట్ తీసేసి రీసెట్ కొట్టాలి, లేకపోతే కొన్నవాడికి లాక్ పడుద్ది, పైగా నాన్న లెక్కలన్నీ అందులో ఉన్నాయి. రీసెట్ కొట్టాలంటే మళ్లీ మౌస్ కావాలి, ఆ మౌస్‌ని అక్క కొడుకు గేములకని పట్టుకెళ్లాడు, వచ్చే పండక్కి గానీ తీసుకురాడు.